ఏ మూలము నుండి? : ప్రోగ్రాము తన పుట్టుకను చెప్పుకొనవలసిన తీరు

ప్రాచీన గ్రంథమును పరిష్కరించేవాడు తాళపత్ర ప్రతి చేతికి రాగానే మొదట చూచేది చివరి ఆకును. ప్రబంధకవి ప్రతి ఆశ్వాసము చివర ఒక గద్య వ్రాసి తన పేరు, తండ్రి పేరు, కావ్యము పేరు, అది ఎన్నవ ఆశ్వాసమో చెప్పుకొంటాడు. అది కవి మాట. గ్రంథము ముగిసిన తరువాత, మిగిలిన చోటులో, లేఖకుడు తన మాటగా రెండు మూడు పంక్తులు వ్రాస్తాడు: ఫలానా సంవత్సరము, ఫలానా మాసము, తిథి, వారము, ఫలానా గ్రామములో ఫలానావారి కొరకు ఫలానావాడు వ్రాసి ముగించినాడని. ఉర్దూ, ఫారసీ వ్రాతప్రతులలోను ఇట్టి ముగింపు వ్రాత కలదు. దానిని 'తర్ఖీమా' అంటారు. మన కళాశాలలో ఒక గోడకు అటు ఉర్దూ తరగతి, ఇటు తెలుగు తరగతి ఉన్నను, ఈ ఒక్క విషయములో రెండు వైపుల లేఖకులదీ ఒకే అలవాటు.

ఈ వ్రాత ఎంత విలువైనదో అంత అసంపూర్ణమైనది కూడ. సంవత్సరము పేరు 'ప్రభవ' అని మాత్రమే ఉన్నచో, అది అరువది యేండ్లకొకసారి మరల వచ్చే పేరు గనుక, ఏ ప్రభవయో తేలదు. శకాంకము కూడ వేసిన లేఖకునికి పరిష్కర్త మనసులోనే నమస్కరిస్తాడు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి ఉన్నది. చూచినది చూచినట్లే వ్రాసితిని, తప్పొప్పులు నావి కావు అనే అర్థము గల సంస్కృత శ్లోకమును లేఖకులు ఆచారముగా చివర చేర్చేవారు. చూచినట్లే వ్రాసినావు, సరే. దేనిని చూచి వ్రాసినావు? ఆ తల్లిప్రతి ఎవరి ఇంటిది, ఎన్నడు వ్రాసినది? చాల ప్రతులలో ఆ మాట ఉండదు. పందొమ్మిదవ శతాబ్దములో సి.పి. బ్రౌను ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, పాఠములు పోల్పించిన శ్రమలో పెద్ద భాగము ఈ చెప్పని మాట వలన కలిగినదే.

తెలుగు బోధించేవారికి కంప్యూటరు ఊసెందుకని కొందరు విద్యార్థులు అనుకొనవచ్చును. మా సమాధానము చిన్నది. ప్రోగ్రాము కూడ ఒక పాఠమే. దానిని పలువురు వ్రాస్తారు, దిద్దుతారు, ప్రతులు తీస్తారు, ఒక ప్రతి నుండి ఇంకొక ప్రతి పుడుతుంది. కాబట్టి పరిష్కర్త తాళపత్రమును అడిగిన ప్రశ్ననే ప్రోగ్రామును కూడ అడుగవలసి ఉన్నది: నీవు సరిగా ఏ మూలము నుండి పుట్టితివి? ఆ జవాబును ఎక్కడ, ఎవరు, ఎట్లు వ్రాసి ఉంచవలెనన్నదే ఈ వ్యాస విషయము.

ముందు రెండు మాటలకు అర్థము చెప్పుకొందాము. ప్రోగ్రాము వ్రాసేవాడు వ్రాసేది మనుష్యుడు చదువగల పాఠము. దానిని సోర్సు అంటారు. మేము మూలపాఠమని కూడ అంటాము. చాల సందర్భములలో యంత్రము నడిపేది నేరుగా ఆ పాఠమును కాదు. కంపైలరు మొదలైన పనిముట్లు ఆ పాఠమును యంత్రము గ్రహించే రూపమునకు మార్చి, ఒకటిగా కట్టి ఇస్తాయి. ఈ కట్టుటయే బిల్డు. ఏయే ఫైళ్ళను, ఏ వరుసలో, ఏ పనిముట్లతో, ఏ షరతులతో కట్టవలెనో వ్రాసి పెట్టుకొనే చీటీయే బిల్డు ఫైలు. 1976లో బెల్ ప్రయోగశాలలో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ తయారుచేసిన 'మేక్' అనే పనిముట్టుకు 'మేక్‌ఫైల్' అట్టి చీటీ. నేడు సీ భాషవారు సీమేక్ ఫైలును, జావావారు మేవెన్ అనే పనిముట్టుకు చెందిన 'పామ్' ఫైలును, జావాస్క్రిప్టువారు 'ప్యాకేజ్ జేసన్' ఫైలును వ్రాసుకొంటున్నారు. పేర్లు వేరైనను పని ఒక్కటే.

కట్టుట అయిన తరువాతనే చిక్కు మొదలవుతుంది. పిండి అయిన బియ్యమును చూచి అది ఏ మడిలో పండినదో చెప్పగలమా? యంత్రరూపమునకు మారిన ప్రోగ్రామును చూచి అది మూలపాఠము యొక్క ఏ స్థితి నుండి వచ్చినదో చెప్పుట అంతే కష్టము. కట్టే వేళనే ఆ సంగతిని లోపల పెట్టి కట్టవలెను. పెట్టకపోతే ఏమగును? 2012లో అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పుతాము. దీనిని ఆ దేశపు సెక్యూరిటీల నియంత్రణ సంస్థ విచారించి 2013 అక్టోబరులో తన ఉత్తరువులో ప్రకటించినది.

నైట్ క్యాపిటల్ అనేది షేర్ల కొనుగోలు అమ్మకములు నడిపే పెద్ద కంపెనీ. దాని ఆర్డర్లను బజారునకు పంపే ప్రోగ్రాము ఎనిమిది సర్వర్లపై నడిచేది. 2012 జూలై చివర ఆ ప్రోగ్రాము యొక్క కొత్త ప్రతిని కొద్ది రోజులలో అన్ని సర్వర్లపై పెట్టినారు. పెట్టినామనుకొన్నారు, నిజమునకు ఏడింటిపై పెట్టి ఎనిమిదవదాని మీద మరచినారు. రెండవ మనిషి సరిచూడలేదు. ఆ ఎనిమిదవ సర్వరులో పాత ప్రతి ఉన్నది. ఆ పాత ప్రతిలో 2003లోనే వాడుక మానిన ఒక పద్ధతి ఇంకను నిద్రపోతున్నది. దురదృష్టవశమున, ఆ పద్ధతిని మేల్కొల్పుటకు పూర్వము వాడిన సంకేతమునే కొత్త ప్రతిలో వేరొక పనికి వాడుకొన్నారు. ఆగస్టు 1వ తేదీ ఉదయము బజారు తెరవగానే ఏడు సర్వర్లు సంకేతమును కొత్త అర్థములోను, ఎనిమిదవది పాత అర్థములోను గ్రహించినవి. కేవలము 212 చిన్న ఆర్డర్లను నెరవేర్చబోయి ఆ యంత్రము లక్షల కొలది ఆర్డర్లను బజారు మీదికి వదలినది. 45 నిమిషములలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల లావాదేవీలు జరిగినవి. నష్టము 46 కోట్ల డాలర్లకు పైచిలుకు.

ఈ కథలో మమ్ము అన్నింటికంటె కలవరపెట్టినది నష్టపు అంకె కాదు, ఆ 45 నిమిషముల నడుమ జరిగిన ఒక చికిత్స. తప్పు కొత్త ప్రతిలో ఉన్నదని తలచి ఇంజనీర్లు సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుండి కొత్త ప్రతిని తీసివేసినారు. దానితో ఆ ఏడును ఎనిమిదవదాని వలెనే ప్రవర్తింపసాగినవి. ఏ యంత్రముపై ఏ పాఠము నడుస్తున్నదో తెలియనివాడు చేసే వైద్యము ఇట్లే ఉంటుంది. ప్రతి సర్వరు తన పుట్టుకను ఒక్క పంక్తిలో చెప్పగలిగి, ఆ ఎనిమిది పంక్తులను ఒకరు పక్కపక్కన పెట్టి చూచినచో, ఏడు ఒకటిగా, ఒకటి వేరుగా కంటికి కనబడి ఉండేది.

ప్రోగ్రాము వ్రాసేవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. 1972లో బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ మూలపాఠపు మార్పులను భద్రపరచే 'ఎస్‌సీసీఎస్' అనే వ్యవస్థను నిర్మించినాడు. అందులో ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. మూలపాఠములో కొన్ని గుర్తులు వ్రాసి పెడితే, ప్రతి తీసేటప్పుడు వ్యవస్థ వాని స్థానములో ఫైలు పేరును, మార్పు సంఖ్యను నింపుతుంది. ఆ పంక్తి ముందు @(#) అనే నాలుగు చిహ్నములు ఉంటాయి. కట్టిన ప్రోగ్రాములో కూడ అవి అట్లే మిగులుతాయి. 'వాట్', అనగా 'ఏమిటి' అనే పేరు గల చిన్న పనిముట్టు ఆ నాలుగు చిహ్నములను వెదకి వాని వెంట ఉన్నది చదివి చెప్పుతుంది. ప్రోగ్రామును పట్టుకొని 'ఏమిటి నీవు' అని అడుగుట! ఆ పేరు పెట్టినవానికి హాస్యప్రియత్వము ఉండి ఉండవలెను. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయములో వాల్టర్ టిక్కీ చేసిన 'ఆర్‌సీఎస్' వ్యవస్థలోను డాలరు గుర్తుల నడుమ 'ఐడి' అని వ్రాస్తే ఇట్లే నిండేది.

ఈ పాత పద్ధతికి ఒక పరిమితి కలదు. అందులో సంఖ్య ఫైలుకు గాని గ్రంథమునకు కాదు. ఒక ఆకునకు 1.7, ఇంకొక ఆకునకు 1.23, మూడవదానికి 1.2. ఐదు వందల ఫైళ్ళున్న ప్రోగ్రామునకు ఐదు వందల సంఖ్యలు. అన్ని ఆకులు కలసి ఏ క్షణమున ఎట్లున్నవో ఒక్క మాటలో చెప్పే గుర్తు కావలెను. 2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్సు కొరకు వ్రాసిన 'గిట్' ఆ లోటు తీర్చినది. గిట్‌లో మార్పులను నమోదు చేసే ప్రతి పర్యాయమును కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కు 40 స్థానములు గల ఒక గుర్తు వస్తుంది. దానిని హాష్ అంటారు. అది ఎవరో ఇచ్చిన వరుస సంఖ్య కాదు. పాఠములోని ప్రతి అక్షరమును లెక్కలోనికి తీసుకొని గణించగా వచ్చిన విలువ.

అక్షరముల నుండి అంకె పుట్టుట మన ఉర్దూ విద్యార్థులకు వింత కాదు. అబ్జద్ లెక్కలో ప్రతి అక్షరమునకు విలువ ఉన్నది. కవులు ఒక సంఘటన జరిగిన సంవత్సరమును ఒక మాటలో ఇమిడ్చి తారీఖు చెప్పేవారు. చార్మినారు నిర్మాణమునకు చెప్పే తారీఖు 'యా హాఫిజ్'. యే 10, అలిఫ్ 1, హే 8, అలిఫ్ 1, ఫే 80, జోయ్ 900, మొత్తము 1000. హిజ్రీ 1000 అనగా క్రీ.శ. 1591-92. మీర్ అమ్మన్ వ్రాసిన 'బాగ్ ఓ బహార్' పేరులోనే హిజ్రీ 1217 ఉన్నది. విద్యార్థులు కూడి చూడవచ్చును.

హాష్ కూడ అట్టిదేనా? పుట్టుకలో పోలిక ఉన్నది, స్వభావములో లేదు. అబ్జద్‌లో అక్షరములను తారుమారు చేసినను మొత్తము మారదు. వేరు మాటకు కూడ అదే మొత్తము రావచ్చును. అదే కవికి సౌలభ్యము. హాష్ అందుకు విరుద్ధముగా కూర్చబడినది. లక్ష పంక్తుల పాఠములో ఒక్క కామా మారినను 40 స్థానముల గుర్తు గుర్తుపట్టరానంతగా మారుతుంది. ఒకే గుర్తు వచ్చే రెండు పాఠములను కావలెనని తయారుచేయుట సామాన్యునికి సాధ్యము కాదు. పరిశోధకులు 2017లో గిట్ వాడే పాత గణనపద్ధతిలోనే అట్టి రెండు ఫైళ్ళను విపరీతమైన గణనశక్తి వెచ్చించి చూపినారు. అందువలన ఇంకను గట్టి పద్ధతి కూడ గిట్‌లో చేరినది. ఇంకొక గుణము పరిష్కర్తకు ప్రాణము లేచివచ్చే గుణము. కమిట్ గుర్తును గణించేటప్పుడు దానికి ముందరి కమిట్ గుర్తును కూడ కలిపి గణిస్తారు. ఆ ముందరిదానిని గిట్ భాషలో తల్లిదండ్రి అనే అర్థము గల మాటతోనే పిలుస్తారు. మన లేఖకుడు చెప్పక విడిచిన తల్లిప్రతి మాట ఇక్కడ చెప్పక తప్పదు.

ఇక బిల్డు ఫైలు సంగతి. చాలమంది అందులో '2.3.0' వంటి వెర్షను సంఖ్యను చేతితో వ్రాస్తారు. అది అవసరమే, వాడుకరితో మాటలాడుటకు అట్టి చిన్న సంఖ్య కావలెను. కాని అది సంవత్సరము పేరు వంటిది. ఒక విద్యార్థి ఉర్దూ-తెలుగు పదకోశపు ప్రోగ్రాము చేసి 2.3.0 అని విడుదల చేసినాడనుకొందాము. తరువాత మూడు వారములలో పదునాలుగు మార్పులు చేసినాడు. ప్రతి మార్పు తరువాత కట్టి మిత్రులకు ఇచ్చినాడు. బిల్డు ఫైలులో సంఖ్య మార్చలేదు గనుక పదునైదు ప్రోగ్రాములును తాము 2.3.0 అనే చెప్పుతాయి. ఒక మిత్రుడు ఫోను చేసి ఱకారాది పదములు కనబడుట లేదంటాడు. ఏ 2.3.0లో? అన్నియు ప్రభవలే. తేదీ వేసినను చాలదు. ఒకే రోజున రెండు మార్లు కట్టవచ్చును, పాత పాఠమును నేడు మరల కట్టవచ్చును. తేదీ కట్టిన వేళను చెప్పుతుంది గాని కట్టిన వస్తువును చెప్పదు.

కావున ఆ సంఖ్యను యంత్రము చేతనే పూర్తి చేయించవలెను. గిట్‌లో 'డిస్క్రైబ్' అనే ఆజ్ఞ ఉన్నది. దానిని అడిగితే 'వి2.3.0-14-జి4170926' వంటి పంక్తి ఇస్తుంది. దీని అన్వయము చూడండి. వి2.3.0 అనేది ఇటీవల పేరు పెట్టి ముద్ర వేసిన విడుదల, దానిని ట్యాగు అంటారు. 14 అనేది ఆ ట్యాగు తరువాత జరిగిన కమిట్ల సంఖ్య. జి అనేది గిట్‌కు సంకేతము. చివరిది హాష్ యొక్క మొదటి కొన్ని స్థానములు. మనుష్యుడు మొదటి భాగము చదువుకొంటాడు, యంత్రము చివరి భాగముతో సరిగా అదే పాఠమును బయటికి తీస్తుంది. ఇంకొక షరతు జోడిస్తే, నమోదు కాని దిద్దుబాట్లు ఉన్నప్పుడు పంక్తి చివర 'డర్టీ' అని చేరుతుంది. మలినము అని అర్థము. మాట కటువుగా ఉన్నను నింద కాదు. ఈ ప్రోగ్రాములో భాండారమునకు ఎక్కని మార్పు ఏదో ఉన్నది, దీని మూలమును ఎవ్వరును తిరిగి చూపలేరు అని హెచ్చరిక. పని జరిగే గదిలో అది సహజమే. గది దాటి పోరాదు.

ఈ పంక్తిని మూలపాఠములోని ఒక ఫైలులో వ్రాసి దానిని కూడ కమిట్ చేయవచ్చును గదా అని చురుకైన విద్యార్థి అడుగుతాడు. చేయలేము. హాష్ పాఠమంతటి నుండి పుట్టునది. దానిని పాఠములో చేర్చితే పాఠము మారుతుంది, పాఠము మారితే హాష్ మారుతుంది; తన భుజముపై తానెక్కినట్లు. కనుక ఆ వ్రాత గ్రంథములో భాగము కారాదు, గ్రంథము ముగిసిన తరువాత లేఖకుడు వ్రాసే పంక్తి కావలెను. ఆచరణలో చేసేదిది: బిల్డు ఫైలులో, కట్టుటకు ముందు గిట్‌ను అడిగి, వచ్చిన పంక్తితో ఒక చిన్న ఫైలును పుట్టించుమని వ్రాస్తారు, ఆ పుట్టిన ఫైలు ప్రోగ్రాముతో కలసి కట్టబడుతుంది, భాండారములో మాత్రము దానిని చేర్చరు. గో అనే భాషలో 2022లో వచ్చిన 1.18 విడుదల నుండి ఈ పనిని కంపైలరు పనిముట్టే అడుగకుండ చేస్తున్నది: కమిట్ గుర్తును, దాని కాలమును, నమోదు కాని మార్పులున్నవో లేవో ప్రోగ్రాములోనే వ్రాస్తుంది. మంచి అలవాటును మనిషి జ్ఞాపకమునకు విడువక పనిముట్టుకు అప్పగించుట మాకు నచ్చినది.

ఇక్కడ మోసపోవు చోట్లు కొన్ని ఉన్నవి. సీమేక్ పని రెండు దశలలో జరుగుతుంది. ముందు ఏర్పాటు, తరువాత కట్టుట. గుర్తును ఏర్పాటు దశలో అడిగి ఊరకున్నచో, ఆ తరువాత పది కమిట్లు చేసి మరల కట్టినను పాత గుర్తే అచ్చవుతుంది. గుర్తు లేని ప్రోగ్రాము తెలియదని చెప్పుతుంది. తప్పు గుర్తు గల ప్రోగ్రాము తెలిసినట్లు అబద్ధమాడుతుంది. రెండవది మరింత చెడ్డది గనుక, ప్రతి కట్టులోను కొత్తగా అడిగేటట్లు వ్రాయవలెను. బిల్డు సర్వర్లు కొన్ని వేగము కొరకు చరిత్రనంతయు తేక చివరి కమిట్ ఒక్కటే తెచ్చుకొంటాయి. అప్పుడు ట్యాగు కనబడక 'డిస్క్రైబ్' విఫలమవుతుంది. అట్టి వేళ బిల్డు నిలిచిపోవలెనే గాని, '0.0.0' అని ఏదో ఒకటి నింపి సాగిపోరాదని మా అభిప్రాయము. చరిత్ర లేని జిప్ కట్టగా పాఠమును పంపేటప్పుడు గిట్‌ను అడుగుటకే వీలుండదు. దానికి ముందుగానే, కట్ట తయారు చేయు వేళ గుర్తు నిండేటట్లు గిట్‌లో ఒక ఏర్పాటు ఉన్నది; ఎస్‌సీసీఎస్ నాటి పాత ఆలోచనయే కొత్త వేషములో వచ్చినది.

మన పాఠము ఒక్కటే తెలిసిన చాలదు. నేటి ప్రోగ్రాము ఇతరులు వ్రాసిన పదుల, వందల గ్రంథములను కలుపుకొని కట్టబడుతుంది. ప్యాకేజ్ జేసన్ ఫైలులో ఒక గ్రంథము పేరు పక్కన, ఫలానా సంఖ్య గాని దానికి సరిపడు తరువాతిది గాని కావలెనని వ్రాయుట వాడుక. నేడు ఒకటి వస్తుంది, వచ్చే నెల మరియొకటి వస్తుంది. చీటీ మారలేదు, వంట మారినది. అందువలన 2017 నుండి జావాస్క్రిప్టు పనిముట్టు 'ప్యాకేజ్ లాక్' అనే రెండవ ఫైలును తానే వ్రాస్తున్నది. అందులో వచ్చిన ప్రతి గ్రంథము యొక్క సరియైన సంఖ్యయు, దాని హాషును ఉంటాయి. ఆ ఫైలును అడ్డమని తుడిచివేసే విద్యార్థులున్నారు. వారికి 2021 డిసెంబరు సంగతి తెలియవలెను. ఆ నెలలో జావా ప్రోగ్రాములలో విరివిగా వాడే 'లాగ్4జె' అనే గ్రంథములో ఘోరమైన రంధ్రము బయటపడినది. దిద్దిన ప్రతి త్వరలోనే వచ్చినది. అయినను లోకమంతట ఎన్నో కార్యాలయములలో పని దిద్దుట వద్ద గాక, అసలు మన ప్రోగ్రాములలో ఆ గ్రంథము ఉన్నదా, ఉన్నచో ఏ వెర్షను, అని వెదకుట వద్దనే నిలిచినది.

గుర్తు ఉన్నది గదా అని అంతటితో నమ్మవచ్చునా? 2024 మార్చి ఈ ప్రశ్నను కఠినముగా అడిగినది. 'ఎక్స్‌జెడ్' అనేది లినక్సు యంత్రములలో ఫైళ్ళను కుదించే పనిముట్టు. దాని 5.6.0, 5.6.1 విడుదలలలో దొంగదారి దాగి ఉన్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆ నెల 29న ప్రకటించినాడు. దూరము నుండి యంత్రములోనికి ప్రవేశించేటప్పుడు అర సెకను ఆలస్యమగుట గమనించి, ఎందుకని తీగ లాగినాడు, డొంక కదిలినది. మన విషయమునకు సంబంధించిన భాగమేమనగా, ఆ విషమును మేల్కొల్పే పంక్తులు గిట్ భాండారములో లేవు. విడుదల కొరకు తయారుచేసిన కట్టలో మాత్రమే, అందులోను బిల్డుకు చెందిన ఒక ఫైలులో ఉన్నవి. కట్ట మీద సంఖ్య నిజమైనదే. దానిని విడుదల చేసినవానికి అధికారమును ఉన్నది. కాని కట్టలోని పాఠము భాండారములోని పాఠము కాదు. లేఖకుడు చూచినట్లే వ్రాసితినని శ్లోకము చెప్పి, నడుమ తన పద్యమొకటి చొప్పించినాడు.

దీనికి విరుగుడు తల్లిప్రతిని తెచ్చి పోల్చుటయే. భాండారము నుండి అదే కమిట్‌ను తీసి, విడుదల కట్టతో ఫైలుకు ఫైలు పోల్చితే తేడా కనబడును. మరియొక మెట్టు పైకి పోయి, వేరొకరు వేరొక యంత్రముపై అదే మూలమును కట్టినప్పుడు బిందువు కూడ తేడా లేని ప్రోగ్రాము రావలెనని కోరేవారున్నారు. డెబియన్ వారు 2013 నుండి ఈ ప్రయత్నములో ఉన్నారు. వారికి ఎదురైన అడ్డంకులలో ఒకటి మన లేఖకునికి ప్రియమైన తేదీయే! కట్టిన గడియను ప్రోగ్రాములో వ్రాస్తే ప్రతి కట్టును వేరుగానే వస్తుంది. అందుచేత 2015లో ఒక ఒడంబడిక ఏర్పడినది: కట్టిన వేళను గాక, మూలపాఠమునకు చివరి మార్పు జరిగిన వేళను బిల్డునకు అందించి, తేదీ కావలసిన చోటనెల్ల దానినే వాడవలెనని. గడియారమును చూచి గాక గ్రంథమును చూచి తేదీ వేయుట. పాఠపరిష్కరణము నేర్చిన వారికి ఇందులోని ఔచిత్యము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇది ఇంజనీర్ల గొడవ, మన కళాశాలకేమి అని సంఘము పెద్దలు తలచకుందురు గాక. మన కంప్యూటరు విభాగపు చివరి సంవత్సరము విద్యార్థులు ప్రతి యేట ప్రాజెక్టులు సమర్పిస్తున్నారు. వానిని పెన్‌డ్రైవులో తెచ్చినప్పుడు సంచికల పేర్లు 'ఫైనల్', 'న్యూ ఫైనల్', 'ఫైనల్ సార్‌కు ఇచ్చినది' అని ఉంటాయి. నివేదికలో ముద్రించిన పాఠము ఒకటి, పరీక్షకుని ఎదుట నడిచేది వేరొకటి అయినను చెప్పగలవారు లేరు. మరుసటి యేడు తమ్ములో చెల్లెండ్రో ఆ పనిని ముందుకు తీసుకుపోదలచితే మొదటి పంక్తి నుండి మొదలుపెట్టవలసి వస్తున్నది. తెలివికి కొరత లేదు. మన పిల్లలు చేసిన పని మన పిల్లలకే అందుట లేదు.

ఖర్చు లేని ఏర్పాటు ఒకటి సూచిస్తున్నాము. గిట్ ఉచితము, ప్రయోగశాలలోని ఒక పాత యంత్రమును భాండారముగా ఉంచవచ్చును. ప్రతి ప్రాజెక్టు బిల్డు ఫైలులోను పైన చెప్పిన పంక్తిని పుట్టించే ఆజ్ఞ ఉండవలెను. ప్రోగ్రాము పరిచయపు పుటలో ఆ పంక్తి కనబడవలెను. నివేదిక మొదటి పుటలో, విద్యార్థి పేరు క్రింద, అదే పంక్తి ముద్రింపబడవలెను. పరీక్షకుడు రెండింటిని ఒకసారి పోల్చితే చాలును. 'డర్టీ' అని చివర ఉన్నదానిని స్వీకరింపక, కమిట్ చేసి మరల కట్టి తెమ్మని పంపవలెను. అందుకు ఐదు నిమిషములు పట్టదు. గ్రంథాలయములో ప్రాజెక్టు నివేదికల పట్టికలో పేరు, సంవత్సరము, విభాగము అను మూడు గడులు ఉన్నవి. రాబోయే విద్యాసంవత్సరము నుండి నాలుగవ గడిగా మూలపు గుర్తును చేర్చుటకు సంఘమువారు అనుమతి ఇవ్వవలెనని కోరుతున్నాము.